గుంటూరు మిర్చి, మిరియాలు, తులసి: వేప్ లిక్విడ్‌లో ఏది వేయొచ్చు, ఏది వేయకూడదు?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లె. ఏడేళ్లుగా ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో ఉంటున్నాను. వయసు 34. సిగరెట్ మానేసి రెండేళ్లయింది, అప్పటినుంచీ వేప్ వాడుతున్నాను. ఈమధ్య లిక్విడ్ ఇంట్లోనే కలుపుకుంటున్నాను. 70 శాతం వీజీ (వెజిటబుల్ గ్లిజరిన్), 30 శాతం పీజీ (ప్రొపిలిన్ గ్లైకాల్), మి.లీ.కి 3 మి.గ్రా. నికోటిన్ సాల్ట్. షాపులో దొరికే పళ్ల రుచులు, మిఠాయి రుచులు వెగటు పుట్టాయి. పైగా సిగరెట్ పీల్చినప్పుడు గొంతులో తగిలే చురుకు ఇందులో లేదు. అందుకని అమ్మ పంపిన ఎండుమిర్చి 5 గ్రాములు, మిరియాలు 5 గ్రాములు కచ్చాపచ్చాగా దంచి 50 మి.లీ. వీజీలో రెండు వారాలు నానబెట్టాను. కాఫీ ఫిల్టర్‌లో వడకట్టి ట్యాంకులో పోశాను. మూడు దమ్ములకే దగ్గు ఎత్తుకుంది, చాలాసేపు ఆగలేదు. లిక్విడ్‌ని వేడిచేసే తీగ, అదే కాయిల్, ఒక్కరోజులో నల్లబడింది. ఎక్కడ తప్పు జరిగింది? తక్కువ వేస్తే సరిపోతుందా? తులసి, పుదీనా, ఏలకులతో ప్రయత్నించొచ్చా? సంక్రాంతికి ఊరొస్తున్నాను, అక్కడ తాజా ఆకులతో కలుపుకుందామని ఉంది.

జవాబు: ముందు ఆ సీసాలో మిగిలింది పారేయండి. పీజీ కలిపి పల్చన చేసి వాడుకుందామని దాచొద్దు. దగ్గు ఇంకా తగ్గకపోయినా, ఛాతీ పట్టేసినట్టున్నా, ఆయాసం గానీ జ్వరం గానీ ఉన్నా మీ జీపీ (మీ పేరు నమోదైన డాక్టరు) దగ్గరికి వెళ్లండి, లేదా అక్కడి వైద్య సలహా నంబరు 111కి ఫోన్ చేయండి. ఏం పీల్చారో దాచకుండా చెప్పండి: మిర్చి, మిరియాలు, గ్లిజరిన్. ఆ మాట చెప్పకపోతే డాక్టరు మామూలు జలుబుకి మందు రాసి పంపేస్తారు. చిన్నప్పుడెప్పుడైనా ఉబ్బసం ఉన్నవారైతే ఈ జవాబులో మిగతాదంతా పక్కన పెట్టి ముందు డాక్టరుని కలవండి.

మీ ప్రయోగంలో తప్పు కొలతలో లేదు. మిర్చిలోనూ మిరియంలోనూ రెండు వేర్వేరు సరుకులు ఉన్నాయి, వాసన, కారం. వాసన ఇచ్చేవి తేలిగ్గా ఆవిరయ్యే పదార్థాలు, ముక్కు పట్టుకునేది వాటినే. కారం అసలు రుచే కాదు. వేడిని, మంటని పసిగట్టే నరాలను మిర్చి కారానికి మూలమైన కాప్సైసిన్ తట్టి లేపితే ఒళ్లు దాన్ని మంట అనుకుంటుంది. నాలుక మీద ఆ మంటని మనం ఇష్టపడటం నేర్చుకున్నాం. శ్వాసనాళంలోనూ అవే నరాలున్నాయి, కానీ అక్కడ వాటి పని ఒకటే, దగ్గించి బయటికి నెట్టడం. పోపులో ఎండుమిర్చి మాడిందంటే వంటింట్లో ఉన్నవాళ్లే కాదు, వరండాలో పేపరు చదువుకునే పెద్దాయన కూడా దగ్గుతాడు కదా. మీరు చేసింది ఆ పోపుని గొట్టంలో పెట్టి నేరుగా లోపలికి లాగడం.

తక్కువ వేస్తే సరిపోతుందా అన్నారు కాబట్టి లెక్క వేద్దాం. గుంటూరు సన్నం కారం దాదాపు 35,000 నుంచి 40,000 స్కోవిల్ యూనిట్లు (కారాన్ని కొలిచే లెక్క). శుద్ధమైన కాప్సైసిన్ 1.6 కోట్లు. అంటే గ్రాము ఎండుమిర్చిలో సుమారు 2.5 మి.గ్రా. కారపు పదార్థం. మీ 5 గ్రాముల్లో 12 మి.గ్రా. పైచిలుకు. గ్లిజరిన్‌లో కాప్సైసిన్ సరిగా కరగదు, అందులో పదో వంతే దిగిందనుకుందాం. అయినా లీటరుకి 25 మి.గ్రా. లెక్క పడుతుంది. ఇప్పుడు ఇది చూడండి. ఊపిరితిత్తుల డాక్టర్లు దగ్గు మీద పరిశోధనకి మనుషుల్ని కావాలని దగ్గించేందుకు వాడేది కూడా కాప్సైసినే. సెలైన్‌లో కలిపి తుంపరగా పీల్పించి, ఎంత మోతాదుకి ఐదుసార్లు దగ్గారో లెక్కపెడతారు. ఆరోగ్యంగా ఉన్న చాలామందిని దగ్గించడానికి లీటరుకి కొన్ని మిల్లీగ్రాములు చాలు. మీ సీసాలో ఉన్నది దానికి కొన్ని రెట్లు. బాగా తగ్గించి, దగ్గు రానంత పల్చన చేశారే అనుకోండి, అప్పుడు కారమూ తెలియదు. తెలిసిందంటే దగ్గొస్తుంది. ఈ రెంటికీ మధ్య ఆగే చోటు లేదు.

మిరియం సంగతి కొంచెం వేరు, ఆసక్తికరమైనది కూడా. దాని కారం పైపరిన్ అనే పదార్థానిది. అది మామూలుగా ఆవిరి కాదు. నీటి ఆవిరి పట్టి తీసిన మిరియాల తైలంలో పైపరిన్ దాదాపు ఉండదు, వాసన మాత్రమే ఉంటుంది. 1994లో అమెరికాలో రోజ్, బెమ్ అనే పరిశోధకులు 48 మంది పొగతాగేవారిని రాత్రంతా సిగరెట్ లేకుండా ఉంచారు. ఒక గుంపుకి మిరియాల తైలం వాసన వచ్చే గొట్టం, ఇంకో గుంపుకి పుదీనా మెంథాల్ గొట్టం, మూడో గుంపుకి ఖాళీ గొట్టం ఇచ్చి పీల్పించారు. మిరియాల గుంపుకి సిగరెట్ మీద యావ తక్కువగా ఉంది. ఛాతీలో ఆ తగిలే అనుభూతే కారణమై ఉండొచ్చని వాళ్ల ఆలోచన. అంటే మీకు తట్టిన ఊహ మరీ వింతదేమీ కాదు. అయితే అది మూడు గంటల ప్రయోగం, కాయిల్ మీద కాల్చిన లిక్విడ్‌తో రోజంతా, ఏళ్ల తరబడి పీల్చడం కాదు. దాన్ని చూపించి మిరియాల తైలం చుక్కలు ట్యాంకులో వేసుకోమని ఎవరైనా చెబితే వినకండి.

కాయిల్ ఎందుకు మాడిందో చూద్దాం. పీజీ 188 డిగ్రీల దగ్గర, వీజీ 290 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కాయిల్ ఆ రెంటి మధ్య పనిచేస్తూ ఈ కలగలుపుని పొగమంచులా చేస్తుంది. మిర్చిలో చక్కెరలు, రంగు, గింజల నూనె, మెత్తటి పొడి ఉన్నాయి. ఇవేవీ ఆవిరి కావు. కొన్ని సన్నటి తుంపరతో పాటు మీ లోపలికి వెళ్తాయి, మిగతావి వత్తి దూది మీదే పేరుకుని బెల్లం పాకం మాడినట్టు మాడతాయి. దూది మూసుకుపోయిందా, లిక్విడ్ కాయిల్‌కి అందదు, పొడి కాయిల్ ఇంకా వేడెక్కుతుంది. అప్పుడే గ్లిజరిన్ విరిగి అక్రోలిన్, ఫార్మాల్డిహైడ్ లాంటి విషాలు పుడతాయి. గొంతు కోసేసే ఆ మాడు దమ్ము అదే. కాఫీ ఫిల్టర్ పిప్పిని ఆపుతుంది గానీ కరిగినదాన్ని ఆపదు.

నూనె సంగతి ఇంకో మెట్టు పైన. తినే నూనె ఏదైనా, మిర్చి గింజలదైనా, నువ్వులదైనా, కొబ్బరిదైనా, ఊపిరితిత్తిలో దిగితే అరగదు. అక్కడి కణాలు దాన్ని మింగి ఉబ్బిపోతాయి, దాన్నే లిపాయిడ్ న్యుమోనియా అంటారు. 2019లో అమెరికాలో వేప్ వాడినవారు వందలు, వేలుగా ఆస్పత్రుల పాలవడం గుర్తుండే ఉంటుంది. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు. ప్రధాన కారణంగా తేలింది గంజాయి లిక్విడ్‌ని చిక్కబరచడానికి కలిపిన విటమిన్ ఇ అసిటేట్. ఒంటికి రాసుకుంటే ఏమీ కాని సరుకు అది. ‘తినేదే కదా, ఒంటికి రాసుకునేదే కదా’ అన్న వాదన అక్కడితో ఆగిపోవాలి.

సరే, మీకు అసలు కావలసింది మిర్చి కాదు, గొంతులో చురుకు. అది రావడానికి దగ్గరి దారి ఉంది. మీ లిక్విడ్ మూడు విధాలుగా మెత్తగా తయారైంది. వీజీ 70 శాతం ఉండటం ఒకటి. వీజీ తియ్యగా, నున్నగా ఉంటుంది, గొంతుకి తగిలేది పీజీ. రెండోది నికోటిన్ సాల్ట్. గొంతుకి తగలకూడదనే దాన్ని తయారు చేశారు, అది వాడుతూ తగలడం లేదంటే అది దాని పని అది చేస్తోందన్నమాట. మూడోది మీ ట్యాంకు. మేఘాల్లా పొగ వదిలే వెడల్పు గొట్టమైతే ఆవిరి గాలిలో కలిసి చల్లబడి వస్తుంది. కాబట్టి వీజీ, పీజీ సగం సగం ఉండే 50/50కి మారండి, సాల్ట్ బదులు మామూలు ఫ్రీబేస్ నికోటిన్ షాట్ (రుచి లేని నికోటిన్ చిన్న సీసా) కొనండి, 1 ఓమ్ పైన ఉన్న కాయిల్‌తో, 10 నుంచి 15 వాట్ల మధ్య, సిగరెట్‌లా బిగువుగా లాగే ట్యాంకు వాడండి. నికోటిన్ మోతాదు అదే 3 మి.గ్రా. ఉంచినా తేడా మొదటి దమ్ములోనే తెలుస్తుంది. చురుకు కోసం మోతాదు పెంచుకుంటూ పోవద్దు. సిగరెట్ మీదికి మనసు పోతుంటే మాత్రం 6కి వెళ్లడం తప్పు కాదు, మళ్లీ సిగరెట్ అంటించడం కన్నా అది నయం. ఒక జాగ్రత్త: 50/50 పల్చగా ఉంటుంది, పెద్ద రంధ్రాల సబ్ ఓమ్ (1 ఓమ్ కన్నా తక్కువ) కాయిల్‌లో పోస్తే కారుతుంది.

ఇక ఆకులు, దినుసులు. తాజా ఆకు అసలు వద్దు, తులసైనా పుదీనా అయినా. ఆకులో మూడొంతులకి పైగా నీరే. గ్లిజరిన్‌లో నానబెడితే ఆ నీరు దిగి, పచ్చరంగు, మైనం, చక్కెర దిగి, కొన్నాళ్లకి బూజు పడుతుంది. ఎండబెట్టినా బూజు బీజాలు పోవు, కాయిల్ మాడటమూ తప్పదు.

పుదీనా గురించి చాలామంది పొరబడతారు. మన పచ్చళ్లలో వేసే పుదీనా వాసన కార్వోన్ అనే పదార్థానిది, చల్లదనం ఇచ్చే మెంథాల్ అందులో బహుస్వల్పం. మెంథాల్ ఎక్కువగా ఉండేది పెప్పర్‌మింట్ అనే వేరే జాతిలో. మీరు ఊళ్లో పెరటి పుదీనా కట్టలకు కట్టలు నానబెట్టినా చల్లగా ఉండదు. చట్నీ వాసన వస్తుంది. తులసిలో, లవంగంలో యూజినాల్ ఉంటుంది. పంటి నొప్పికి లవంగ నూనె పెట్టుకుంటే మొద్దుబారేది దానివల్లే. ఊపిరి దారిలోనూ అదే పని చేస్తుంది, గొంతు మొద్దుబారి ఎంత లోతుగా లాగుతున్నదీ తెలియదు. దగ్గు అనే కాపలాదారుని నిద్రపుచ్చి పీల్చడం మంచి పని కాదు. తులసిలో మిథైల్ యూజినాల్ కూడా ఉంటుంది, కృత్రిమంగా తయారుచేసిన మిథైల్ యూజినాల్‌ని ఆహారంలో కలిపే అనుమతిని అమెరికా ఎఫ్‌డీఏ 2018లో ఎత్తేసింది. దాల్చినచెక్క అడగలేదు గానీ చెబుతున్నాం, ఆ జోలికి పోవద్దు. దాని వాసనకి మూలమైన సిన్నమాల్డిహైడ్ శ్వాసనాళపు కణాల మీద ఉండే సన్నటి నూగు కదలికను మందగింపజేస్తుందని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. కఫాన్ని పైకి నెట్టేది ఆ నూగే. పైగా అది ప్లాస్టిక్ ట్యాంకుని పగలగొడుతుంది కూడా.

ఆ రుచులు కావాలనుకుంటే మిగిలిన దారి ఒకటే. పీజీలో కరిగించి, వేప్ కోసమే అమ్మే ఫ్లేవర్ కాన్సన్‌ట్రేట్ (చిక్కటి రుచి ద్రవం). ఇవీ ఊపిరితిత్తికి పరీక్షించి తెచ్చినవని అనుకోవద్దు. సీసా మీద ఆహారయోగ్యం అని ఉంటే అది కడుపుకి సంబంధించిన మాట. కాకపోతే ఇందులో మామూలుగా నూనె ఉండదు, చక్కెర ఉండదు, ఏముందో కాగితం మీద ఉంటుంది. కొనేముందు అమ్మేవారి దగ్గర సేఫ్టీ డేటా షీట్ అడిగి డయాసిటైల్, అసిటైల్ ప్రొపియోనైల్ లేవని చూసుకోండి. వెన్న, మీగడ వాసనల్లో ఇవి దొరుకుతుంటాయి. అమెరికాలో మిసోరీ రాష్ట్రం జాస్పర్‌లో పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికుల ఊపిరితిత్తులు చెడిపోయినట్టు 2000లో బయటపడింది ఈ వెన్న వాసన వల్లే. కేకుల్లో, చాక్లెట్‌లో వేసే ఎసెన్సుల్లో నూనెలో చేసినవీ ఉంటాయి. ఇండియన్ కిరాణాలో దొరికే ఏలకుల ఎసెన్సు కూడా ఆ లెక్కలోదే అనుకోండి. అనుమానం ఉంటే గ్లాసు నీళ్లలో రెండు చుక్కలు వేయండి. పైన జిడ్డు తేలితే వంటింటికే. తేలకపోతే మంచిదని అర్థం కాదు, మిగతావి చూసుకోవాలి.

ఆకుల, దినుసుల కాన్సన్‌ట్రేట్లు పళ్ల వాటిలా వేయకూడదు. స్ట్రాబెర్రీ 4 శాతం వేస్తారు. మిరియం, తులసి, ఏలకులు 0.25 నుంచి మొదలుపెట్టాలి, 1 శాతం దాటితే షాంపూ తాగినట్టుంటుంది. అక్కడే కొలత చేతికి దొరకదు. 10 మి.లీ. సీసాలో 0.5 శాతం అంటే 0.05 గ్రాములు, రెండు చుక్కలు. 0.01 గ్రాము చూపించే కాటాలో అటూ ఇటూ ఒక అంకె తేడా వచ్చినా రుచి ఐదో వంతు మారిపోతుంది. అందుకే ముందు పల్చన చేసుకోవాలి. కాన్సన్‌ట్రేట్ 1 గ్రాము, పీజీ 9 గ్రాములు కలిపి, సీసా మీద ‘పదో వంతు’ అని రాసిపెట్టుకోండి. ఇప్పుడు అదే 0.5 శాతానికి 0.50 గ్రాములు పోస్తారు, కాటా నమ్మకంగా చూపిస్తుంది.

సిరంజితో మి.లీ.లు కొలవడం మానేసి బరువుతోనే కలపండి. వీజీ సిరంజిలో గోడలకి అంటుకుని మోసం చేస్తుంది. మి.లీ. పీజీ 1.036 గ్రాములు, వీజీ 1.26 గ్రాములు, 50/50 నికోటిన్ షాట్ దాదాపు 1.15 గ్రాములు తూగుతాయి. 30 మి.లీ. 50/50 లిక్విడ్, 3 మి.గ్రా. నికోటిన్, మొత్తం 3 శాతం ఫ్లేవర్‌తో కావాలంటే లెక్క ఇలా వస్తుంది. మి.లీ.కి 18 మి.గ్రా. ఉండే షాట్ 5 మి.లీ. (5.75 గ్రా.), ఫ్లేవర్ 0.9 మి.లీ. (0.93 గ్రా.), పీజీ 11.6 మి.లీ. (12.02 గ్రా.), వీజీ 12.5 మి.లీ. (15.75 గ్రా.). ఫ్లేవర్ ‘పదో వంతు’ సీసాలోంచి పోస్తే, అందులో ఉన్న పీజీని 11.6లోంచి తీసేయడం మరవద్దు. సీసా కాటా మీద పెట్టి సున్నా చేసి, మొదట నికోటిన్, తర్వాత ఫ్లేవర్, పీజీ, చివర వీజీ. చిక్కటిది చివర పోసి, రెండు నిమిషాలు ఊపి కలపాలి. చేతికి నైట్రైల్ గ్లవ్స్ ఉండాలి. ఒక్క 10 మి.లీ. షాట్‌లో 180 మి.గ్రా. నికోటిన్ ఉంటుంది, చర్మంలోంచి కూడా ఎక్కుతుంది. ఇంట్లో పిల్లలుంటే, పిల్లలు వచ్చి పోతున్నా సరే, తాళం వేసిన అరలోనే పెట్టాలి. వంట సామాను దగ్గర వద్దు.

మొదటి ప్రయత్నానికి ఏలకులు 0.3, స్పియర్‌మింట్ 0.5 శాతం జంట బాగుంటుంది. మిరియపు వాసన ఒంటరిగా బాగోదు, ధూళి కొట్టినట్టుంటుంది. స్ట్రాబెర్రీ 3 శాతం కింద 0.25 మిరియం దాచితే పండు వాసనకి పదును వస్తుంది. ఒక్కో ఫ్లేవర్‌ని ముందు విడిగా 10 మి.లీ. సీసాలో చూసుకోండి. నాలుగు కలిపాక ఏది చెడగొట్టిందో కనిపెట్టలేరు. మొదటిరోజు ఘాటుగా అనిపించింది మూడు నాలుగు రోజులు చీకట్లో ఉంచితే సర్దుకుంటుంది. వనిల్లా లాంటివి పీజీతో మెల్లగా కలిసి కొత్త పదార్థాలుగా మారతాయి, అందుకే నెల తర్వాత అదే సీసా వేరే రుచి వస్తుంది. సుక్రలోజ్ తీపి వేయకండి, కాయిల్ మీద పాకం కడుతుంది. నిమ్మ, మెంథాల్ గాజు ట్యాంకులోనే.

మిర్చి తగిలిన మీ ట్యాంకు ఉత్త నీళ్లకి శుభ్రం కాదు, కాప్సైసిన్ నీళ్లలో కరగదు. విప్పి, గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మళ్లీ కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. కాయిల్ పారేయాలి. రబ్బరు ఓ-రింగులు కారాన్ని పీల్చుకుంటాయి, అవి కూడా మార్చండి, లేకపోతే కొత్త లిక్విడ్‌లో మళ్లీ అదే దగ్గు. ఈ పనిలో కళ్లు నలుపుకోవద్దని గుంటూరు వారికి వేరే చెప్పక్కర్లేదు.

చివరిగా సంక్రాంతి ప్రయాణం. ఇండియాలో ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధ చట్టం 2019 నుంచి ఉంది. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నేరమే. తయారీకీ దిగుమతికీ మొదటిసారి ఏడాది వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. సొంతానికే కదా అని సూట్‌కేసులో పెట్టుకుని శంషాబాద్‌లో దిగొద్దు, ఊళ్లో కలిపే ఆలోచనా వదిలేయండి. ఊళ్లో ఉన్నన్నాళ్లకీ 2 మి.గ్రా. నికోటిన్ గమ్ అక్కడి మందుల షాపుల్లోనే దొరుకుతుంది. మామూలు చూయింగ్ గమ్‌లా నమిలేయకూడదు. మెల్లగా నాలుగైదుసార్లు నమిలితే మిరియం కొరికినట్టు చురుక్కుమంటుంది, అప్పుడు ఆపి బుగ్గకి ఆనించాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అలా అరగంట. కాఫీ గానీ కూల్‌డ్రింక్ గానీ తాగితే 15 నిమిషాలు ఆగి వేసుకోండి, లేకపోతే నికోటిన్ సరిగా ఎక్కదు.